పెళ్లి ఫొటోగ్రాఫర్ పని: పంచాంగం, పందిరి, పద్దు

స్వయం ఉపాధికి కావలసిన పెట్టుబడి, రుణం, లెక్కల నిర్వహణ గురించి ఇంతవరకు చదివారు. వాటిని ఇప్పుడు ఒక వృత్తికి అన్వయించి చూద్దాం. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో చదువుకుంటూనే కెమెరా కొని పెళ్లిళ్లకు వెళ్లాలనుకునే వారు మీలో ఉండవచ్చు. అప్పు చేసి కెమెరా కొనే ముందు ఆ పని లోపల ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

పని రోజులను నిర్ణయించేది పంచాంగం

ఆషాఢ, భాద్రపద, పుష్య మాసాల్లో హిందూ వివాహాలు సాధారణంగా జరగవు. అధిక మాసం వచ్చినా, మూఢం వచ్చినా అంతే. మాఘంలోనో వైశాఖంలోనో బలమైన ముహూర్తం పడిందంటే ఒకే రాత్రి ఊరూరా బాజాలు మోగుతాయి. ఆ రాత్రి నలుగురు పిలిచినా మీరు ఉండగలిగేది ఒక్క పందిరిలోనే. అందువల్ల ఈ వృత్తిలో ఆదాయానికి పరిమితి గిరాకీ కాదు, ముహూర్తాల సంఖ్య. నిఖాలు, చర్చి పెళ్లిళ్లు ఈ లెక్కకు లోబడవు కాబట్టి వాటి క్రమం కూడా తెలిసిన ఫొటోగ్రాఫర్‌కు ఖాళీ నెలలు కొంత తగ్గుతాయి.

పల్నాడులో దీనికి పంట తోడవుతుంది. మిరపకాయలు కోసి, ఆరబెట్టి, గుంటూరు యార్డుకు చేర్చి, డబ్బు చేతికి వచ్చాకే చాలా రైతు కుటుంబాలు పెళ్లి ఖర్చుకు దిగుతాయి. ధర పడిపోయిన ఏడు పెళ్లి ఆగదు గానీ, ఆల్బంలో షీట్లు తగ్గుతాయి.

పందిరిలో

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కెమెరా నడపడం వస్తే చాలనుకుంటారు. నిజానికి ముందు తెలియవలసింది పెళ్లి తంతు. మన పెళ్లిలో అసలు సుముహూర్తం జీలకర్ర, బెల్లం పెట్టే క్షణం. వధూవరుల మధ్య తెర ఉంటుంది, ఒకరి తలపై ఒకరు చేయి ఉంచుతారు, తెర దించుతారు, మొదటిసారి చూసుకుంటారు. ఇదంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. మాంగల్యధారణ కూడా అంతే. గట్టిమేళం మొదలయ్యాక సెట్టింగులు చూసుకోవడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు. అక్షింతలు పడుతుంటాయి, బంధువులు సెల్‌ఫోన్లు పట్టుకొని ముందుకు వస్తారు, మూడో ముడి కూడా పడిపోతుంది. దాన్ని మళ్లీ వేయించలేరు. అందుకే అనుభవజ్ఞులు పెళ్లి మొదలుకాక ముందే పురోహితులతో మాట్లాడి, ఆయన ఏ వైపు కూర్చుంటారో, తెర ఎటు దించుతారో అడిగి తెలుసుకుంటారు. ఖరీదైన లెన్సు కన్నా ఈ రెండు నిమిషాల మాట ఎక్కువ పని చేస్తుంది.

వెలుతురు మరో సమస్య. పగటి పెళ్లిలో ఎండ షామియానా గుడ్డ గుండా దిగి, ఎర్రటి లేదా పచ్చటి ఛాయ ముఖాల మీద పడుతుంది. పసుపు రాసిన ముఖంపై అది మరీ తేడాగా కనిపిస్తుంది. ‘రా’ ఫైళ్లుగా తీస్తే రంగును తర్వాత సరిచేయవచ్చు. అయితే 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 ఎంబీ ఉంటుందనుకుంటే, 3,000 ఫొటోలకు 75 జీబీ కావాలి. రెండు కార్డులు పట్టే కెమెరాలో ఒకే ఫొటోను రెండింటిలోనూ రాయించుకోవాలి. రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించేవరకు కార్డును ఫార్మాట్ చేయకూడదు.

చేతిలో మిగిలేది

ఒక పెళ్లికి 60,000 రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. ఈ అంకెలన్నీ లెక్క కోసం ఊహించినవే. వీడియోగ్రాఫర్‌కు 10,000, రెండో ఫొటోగ్రాఫర్‌కు 6,000, డ్రోన్ అద్దెకు 6,000, ఆల్బం డిజైను, ప్రింటింగుకు 14,000, వీడియో ఎడిటింగుకు 6,000, ప్రయాణం వగైరాకు 3,000. మొత్తం 45,000 పోగా మిగిలేది 15,000. ఏడాదికి 20 పెళ్లిళ్లయితే 3 లక్షలు. 3 లక్షల పరికరాలు ఐదేళ్లు పనిచేస్తాయనుకుంటే ఏటా తరుగుదల 60,000. కొట్టు అద్దె నెలకు 4,000 చొప్పున 48,000. చివరికి మిగిలేది 1,92,000, అంటే నెలకు 16,000. అప్పు మీద వడ్డీ ఇంకా తీసేయలేదు.

ఇదైనా డబ్బంతా చేతికి వస్తేనే. పెళ్లయ్యాక ఆల్బం కోసం ఫొటోలు ఎంచమని ఇస్తే, ఆ పని నెలల తరబడి సాగుతుంది. పెళ్లికూతురు అత్తవారింట, పెళ్లికొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో ఉంటారు. బాకీ అడిగితే “డబ్బులెక్కడికి పోతాయి అబ్బాయ్, మనూరోడివేగా” అంటారు. ఆ మాటలో ఆప్యాయత నిజమే, కానీ ప్రింటింగ్ ల్యాబు దానికి అప్పివ్వదు. బుకింగ్ రోజు కొంత, పెళ్లి రోజే ఎక్కువ భాగం, ఆల్బం అందించే రోజు కొద్ది మొత్తం తీసుకునేలా ముందే కాగితం మీద రాసుకోవడం మేలు. ఎంపిక పూర్తయ్యే తేదీకి చెల్లింపును ముడిపెట్టవద్దు.

చట్టం విషయంలో రెండు మాటలు. డబ్బు తీసుకొని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మీ ప్రచారానికి పెళ్లికూతురి ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే అనుమతి అడగాలి. ఎత్తిపోతల దగ్గరో మరోచోటో డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. 250 గ్రాములు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి.

అభ్యాసం

1. పై ఉదాహరణలో 5 పెళ్లిళ్లకు 10,000 చొప్పున బాకీ రాకపోతే నెలసరి ఆదాయం ఎంతకు పడిపోతుంది?
2. ఈ ఏటి పంచాంగం చూసి, పెళ్లి ముహూర్తాలు లేని నెలలు గుర్తించండి. ఆ నెలల్లో అద్దె, వడ్డీ ఎలా కడతారో మీ ఊరి ఫొటోగ్రాఫర్‌ను అడిగి రాయండి.