పసరుకు లొంగని కామెర్లు!

కళ్లు పచ్చబడ్డాయి అనగానే మన ఊళ్లలో ముందు వినిపించే మాట... ‘పసరు పోయించండి, పథ్యం పెట్టండి’ అని. వైరస్‌తో వచ్చే కామెర్లు చాలావరకూ వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది.

చిక్కల్లా పిత్తనాళం మూసుకుపోయి వచ్చే కామెర్లతోనే. ఒళ్లంతా దురద, మలం సున్నంలా తెల్లబడటం, నొప్పి లేకుండానే పచ్చదనం రోజురోజుకూ ముదరటం దాని గుర్తులు. అడ్డుపడింది రాయి కావచ్చు, క్యాన్సర్ గడ్డా కావచ్చు. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్‌లతో ఆ సంగతి చాలావరకూ తెలుస్తుంది.

పిత్తాశయ, పిత్తనాళ క్యాన్సర్లను పూర్తిగా నయం చేసే అవకాశం ప్రధానంగా ఆపరేషన్‌కే ఉంది. గడ్డ ఉన్నచోటును బట్టి పిత్తాశయం, నాళం, పక్కనున్న కాలేయంలో కొంత, లింఫ్ గ్రంథులు తీసేస్తారు. తర్వాత సాధారణంగా ఆరునెలలు కేపసైటబిన్ మాత్రలు వాడాలి.

జబ్బు ముదిరితే ఎండోస్కోపీతో నాళంలో స్టెంట్ అమర్చి పైత్యరసానికి దారి చేస్తారు. కామెర్లూ దురదా తగ్గుతాయి. జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇవ్వడం 2010 నుంచీ ఉన్నదే. 2022లో వాటికి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తోడైంది. ఇవి ఆయుష్షును పెంచుతాయి, జబ్బును మొత్తంగా పోగొట్టడం మాత్రం అరుదు.

రాళ్లున్నాయని పిత్తాశయం తీయించుకున్నవారు బయాప్సీ రిపోర్టు తప్పక అడిగి తీసుకోవాలి. ఒక్కోసారి క్యాన్సర్ బయటపడేది అందులోనే.

పసరు తాగుతూ గడిపే ఆ కొద్ది వారాల్లోనే ఆపరేషన్‌కు వీలు చేజారిపోవచ్చు. అందుకే పథ్యం సంగతి తర్వాత, ముందు స్కానింగు!