కాటామీది లారీ

ఒంగోలునుండి కర్నూలు పోవు రహదారిపై చీమకుర్తి కలదు. నల్లని రాతిలో బంగారు రవ్వలు చల్లినట్లు మెరయు గెలాక్సీ గ్రానైటునకు పుట్టినిల్లు ఈ ఊరే. ఇచ్చటి గనులలో కోసిన బ్లాకులు లారీలపై కృష్ణపట్నము, చెన్నై రేవులకు చేరి, ఓడలెక్కి దేశాంతరములకు పోవుచుండును. ఆ రాయి పరచిన మేడలలో నడచువారికి దాని నునుపు తెలియును. దాని తూనిక తెలిసినవాడు లారీ డ్రైవరు.

ఈ వ్యాపారమునందొక చిత్రమున్నది. రాతిని అమ్మువారును కొనువారును ఘనమీటర్ల లెక్కన బేరమాడుదురు. రోడ్డు మాత్రము టన్నులనే యెరుగును. పైగా బ్లాకు అంచులు ఎగుడుదిగుడుగా నుండును గనుక, పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటను కొన్ని సెంటీమీటర్లు తరుగు తీసి కాగితముపై వ్రాయుట వాడుక. కాగితము ప్రకారము 2.80 మీటర్ల పొడవు, 1.50 మీటర్ల వెడల్పు, 1.40 మీటర్ల ఎత్తు గల బ్లాకొకటి యున్నదనుకొందము. దాని పరిమాణము 5.88 ఘనమీటర్లు. ఈ జాతి రాయి ఘనమీటరొక్కింటికి 3 టన్నులకు దగ్గరగా తూగును గనుక, బరువు 17.6 టన్నులని తేలును. ఖాళీగా 10 టన్నులు తూగు పది చక్రముల లారీకి రిజిస్ట్రేషను పత్రములో మొత్తము 28 టన్నులని వ్రాసియున్నచో లెక్క సరిపోయినట్లే. కాని ప్రతి కొలతలోను 5 సెంటీమీటర్లు తరుగు తీసియున్నచో అసలు రాయి 6.40 ఘనమీటర్లు, బరువు 19.2 టన్నులు. కాగితమున లేని టన్నున్నర రాయి లారీపై కూర్చున్నది! ఉన్నత పాఠశాల విద్యార్థి వేయగల లెక్క ఇది. ట్రాన్స్‌పోర్టు కచేరిలోని గుమాస్తాకు దీనిని వేయవలసిన అవసరము లేదు.

గనిదాటిన పిదప దారిలో కాటాపై లారీని తూచుకొన్న డ్రైవరు ఆ గుమాస్తాకు ఫోను చేయును. ఆ సంభాషణ తరచు ఇట్లు సాగును.

"అన్నా, కాటాలో బరువెక్కువొచ్చింది. టన్ను పైన."

"ఓడ ఎల్లుండి పోద్దయ్యా. నువ్వు బయల్దేరు. దారిలో ఏదన్నా అయితే ఫోను చెయ్యి."

దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపినప్పుడు డ్రైవరు మరల ఫోను చేయును. అది మ్రోగుచునే యుండును.

చట్టము ఈ విషయమున గ్రుడ్డిది కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 194వ సెక్షను, అధిక భారముతో బండి నడుపువానిని మాత్రమే గాక, నడిపించువానిని, నడుప నిచ్చువానిని గూడ పేర్కొన్నది. 2019 సవరణతో జరిమానా 2,000 రూపాయలనుండి 20,000 రూపాయలకు పెరిగినది. అధికమైన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము, సరకు చేరవేయు సంస్థయే పరిమితికి మించి ఎక్కింపరాదని విధించినది. మాటలు చక్కగానే యున్నవి. అయినను రహదారిపై ఆగిన లారీలో నడిపించువాడు కూర్చుండడు. కనబడునది స్టీరింగు పట్టిన చేతులే. జరిమానాను యజమాని కట్టినను, దానిలో కొంత డ్రైవరు బత్తాలో కోత పడుట ఈ వృత్తిలో ఎరుగనిది కాదు.

ఒక్క టన్నుకు ఇంత రభసయా అని అడుగువారుందురు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమునందు 1958 మొదలు 1960 వరకు ప్రత్యేకముగా రోడ్లు వేసి, వానిపై లారీలు త్రిప్పి పరీక్షలు జరిపిరి. ఇరుసుపై భారము రెట్టింపైనచో రోడ్డునకు కలుగు నష్టము సుమారు పదునారింతలగునని ఆ పరీక్షలవలన తేలినది. భారము ఐదవవంతు పెరిగిన చాలును, నష్టము రెండింతలు. మన ఊళ్ళలో వేసిన మరుసటి ఏడే రోడ్డు గుంటలు పడినప్పుడు తారును, కంట్రాక్టరును తిట్టుదుము. ఆ తిట్లలో కొంత భాగము కాటాకు రావలసియున్నది.

చీమకుర్తినుండి రేవుల దారి చదునైనది. నల్లమల కనుమలలో దిగు లారీల సంగతి వేరు. భారముతోపాటు బండి వేగమునందలి శక్తియు పెరుగును. ఆ శక్తినంతటిని బ్రేకులు వేడిగా మార్చి మ్రింగవలెను. బ్రేకులు మితిమీరి కాగినచో పట్టు సడలును. పూర్వము బండి తోలువానికి ఎద్దే సాక్షి. మోయలేనంత వేసినచో అది కాడి క్రింద కూలబడును. సామాను యజమాని దిగివచ్చి చూడక తప్పెడిది కాదు. ఇంజనునకు అట్టి మొండితనము లేదు. కమాను కట్టలు వంగును, టైర్లు వేడెక్కును, బండి సాగుచునే యుండును.

ఒకప్పుడు కొన్ని రాష్ట్రములు అధిక భారమునకు రుసుము పుచ్చుకొని లారీని ముందుకు పోనిచ్చెడివి. 2005లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కాదన్నది. జరిమానా కట్టినను అధికమైన సరకు దింపిన పిమ్మటనే బండి కదలవలెను. బియ్యపు బస్తాలైనచో హమాలీలు పది నిముషములలో దింపుదురు. ఏకశిలయైన బ్లాకునుండి టన్ను రాయి దించుటెట్లు? క్రేను రావలెను, పెద్ద లారీ రావలెను, ఆ రెండింటిని పంపవలసినవాడు ఫోను ఎత్తవలెను. అంతవరకు డ్రైవరు, క్లీనరు లారీ నీడన టార్పాలు పరచుకొని యుందురు. రోజుకు ఎనిమిది గంటలే పనియని చట్టము చెప్పిన మాట, ఆ నీడన గడచు గంటలకు వర్తించునని వాదించువారెవరును అచ్చట నుండరు.

అందుచేత అనుభవజ్ఞులు కొందరు రెండు వందల కిలోమీటర్లు పోయి పట్టుబడుటకంటె, మొదటి కాటాయొద్దనే వెనుకకు త్రిప్పుదురు. కాటా చీటీ చూపి బ్లాకు మార్చుమందురు. ఓడ తొందర లేనప్పుడు మార్తురు కూడ. కాని మరుసటి వారము లోడులు పంచునప్పుడు, గుమాస్తా పుస్తకములో ఆ లారీ నంబరు వరుసకు చిట్టచివర నుండును.