డేటాబేస్ నుంచి ఈమెయిల్ లేఖలు: భద్రతాహెచ్చరికలు లేని స్వయంచాలన విధానం - పరిశీలన

వ్యాససంగ్రహం:
డేటాబేస్‌లోని చిరునామాలకు ఈమెయిల్ లేఖలను స్వయంచాలకంగా పంపేటప్పుడు ఎదురయ్యే భద్రతాహెచ్చరికల నేపథ్యాన్ని, వాటి అవసరం లేకుండా పంపగల మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు లిపిలో లేఖలు పంపడంలోని ప్రత్యేకసమస్యలను, సమీక్షగోప్యతను కాపాడే జాగ్రత్తలను చర్చిస్తుంది.

కీలకపదాలు: డేటాబేస్, ఈమెయిల్, భద్రతాహెచ్చరిక, యూనికోడ్, సమీక్షగోప్యత.

1. ఉపోద్ఘాతం:
సదస్సుల ఆహ్వానాలు, వ్యాసం అందినట్లు తెలిపే రసీదులు, సమీక్షకుల సూచనలు నేడు ఎక్కువగా ఈమెయిల్ ద్వారానే సాగుతున్నాయి. బేస్తవారిపేట వంటి మండలకేంద్రంలోని ఒక కళాశాల తెలుగుశాఖ సదస్సు తలపెట్టిందనుకుందాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల అధ్యాపకులు, ఇతరచోట్ల పరిశోధకులు కలిపి 200 మంది వివరాలు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉన్నాయి. విబిఎ ప్రోగ్రాము ద్వారా ఔట్‌లుక్‌తో లేఖలు పంపబోతే, పాత సంచికలలో ప్రతి లేఖకూ ఒక హెచ్చరిక కనిపిస్తుంది. అనుమతి మీట 5 సెకన్ల వరకు పనిచేయదు. 200 లేఖలకు నిరీక్షణే 1,000 సెకన్లు. అందుకే ఈ హెచ్చరికను తప్పించుకొనే మార్గాలను వెదుకుతారు. అయితే అది ఎందుకు ఏర్పడిందో ముందుగా తెలుసుకోవాలి.

2. హెచ్చరిక నేపథ్యం:
1999 మార్చిలో వ్యాపించిన 'మెలిస్సా' వైరస్, ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి 50 చిరునామాలకు తనను తానే పంపుకొంది. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' వైరస్ ఆ పుస్తకంలోని అందరికీ చేరింది. అధ్యాపకుని ప్రోగ్రాము, వైరస్ చేసే పని పైకి ఒక్కటే: చిరునామా చదవడం, లేఖ పంపడం. రెండింటినీ వేరుచేసి చూడలేని ఔట్‌లుక్, ఆ నిర్ణయాన్ని మనిషికి వదిలింది. 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతాసవరణతో ఈ హెచ్చరిక వచ్చింది.

3. పంపే మార్గాలు:
3.1 ఔట్‌లుక్ ద్వారా: 2007 సంచిక నుంచి, కంప్యూటర్‌లో తాజాగా ఉన్న యాంటీవైరస్‌ను విండోస్ గుర్తిస్తే హెచ్చరిక సాధారణంగా రాదు. ఇదే సరళమైన పరిష్కారం. 'ట్రస్ట్ సెంటర్'లో హెచ్చరికను పూర్తిగా నిలిపివేయవచ్చు. కాని ఆ తలుపు అన్ని ప్రోగ్రాములకూ తెరుచుకుంటుంది. అనుమతి మీటను తనంతట నొక్కే ఉపకరణాలలోనూ ఇదే దోషం. విండోస్ కొత్త ఔట్‌లుక్ విబిఎ ద్వారా నడవదు కనుక, ఈ మార్గం పాత ఔట్‌లుక్ ఉన్నంతవరకే.

3.2 ఎస్‌ఎంటిపి ద్వారా: విండోస్‌లోని సిడిఒ సాయంతో ఔట్‌లుక్ ప్రమేయం లేకుండా నేరుగా మెయిల్ సర్వర్‌కు లేఖ అందించవచ్చు. ఇక్కడ పంపేవారి గుర్తింపును సర్వరే పరీక్షిస్తుంది. జీమెయిల్‌కు సాధారణ పాస్‌వర్డ్ చెల్లదు; రెండంచెల ధ్రువీకరణ అమర్చుకొని 16 అక్షరాల 'యాప్ పాస్‌వర్డ్' పొందాలి. దానిని ప్రోగ్రాములో రాసిపెడితే ఆ ఫైలు ఎవరికి చేరితే వారికి ఖాతా కూడా చేరినట్లే. నడిపే సమయంలో అడిగి తీసుకోవడం మేలు.

3.3 గూగుల్ షీట్ ద్వారా: పట్టికను గూగుల్ షీట్‌లో ఉంచి 'యాప్స్ స్క్రిప్ట్'తో పంపవచ్చు. అనుమతి మొదటిసారి మాత్రమే ఇవ్వాలి. వ్యక్తిగత ఖాతాకు రోజుకు 100 మంది, సంస్థ ఖాతాకు 1,500 మంది పరిమితి. పై 200 లేఖలకు వ్యక్తిగత ఖాతాతో రెండు రోజులు పడుతుంది.

4. తెలుగు లేఖల ప్రత్యేకసమస్యలు:
విబిఎ రాసే గవాక్షం యూనికోడ్‌ను గ్రహించదు. అందులో తెలుగు వాక్యం టైపుచేస్తే ప్రశ్నార్థకాలుగా మారుతుంది. యాక్సెస్ పట్టికలు మాత్రం 2000 సంచిక నుంచి యూనికోడ్‌ను నిల్వచేస్తాయి. కాబట్టి విషయం, సంబోధన, లేఖాంశం మూడింటినీ పట్టికలోనే ఉంచి ప్రోగ్రాము ద్వారా గ్రహించాలి. సిడిఒ వాడితే అక్షరసంకేతంగా యుటిఎఫ్-8ని నిర్దేశించాలి. అను ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చకపోతే అందుకొన్నవారికి అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి.

సంబోధనలో వ్యాకరణసమస్య ఒకటుంది. పేరు చివరి అచ్చును బట్టి 'కి', 'కు' ప్రత్యయాలు మారుతాయి. పేరు తరువాత 'గారికి' చేర్చితే ప్రత్యయం అన్ని పేర్లకూ ఒకే తీరుగా ఉంటుంది, గౌరవమూ నిలుస్తుంది.

ఊరి పేర్లతో ఎంపికచేయడం మరొక చిక్కు. బేస్తవారిపేటను కొందరు 'బెస్తవారిపేట' అని, మార్కాపురాన్ని కొందరు 'మార్కాపూర్' అని రాస్తారు. ఒక రూపంతోనే వెదికితే మరొక రూపం రాసినవారికి ఆహ్వానం అందదు. అందలేదన్న సంగతీ తెలియదు. పేరుకు బదులు పిన్‌కోడ్‌తో ఎంపికచేస్తే ఈ లోపం తగ్గుతుంది.

5. సమీక్షగోప్యత - జాగ్రత్తలు:
పరిశోధనపత్రికలో వ్యాసకర్తల పట్టిక, సమీక్షకుల పట్టిక వ్యాససంఖ్యతో ముడిపడి ఉంటాయి. క్వెరీలో ఒక్క ఫీల్డు తప్పుగా చేరితే సమీక్షకుని పేరు వ్యాసకర్తకు చేరుతుంది. చేతితో పంపినప్పుడు ఒక లేఖలో జరిగే పొరపాటు, స్వయంచాలనంలో అన్ని లేఖలలోనూ జరుగుతుంది. వెళ్లిన లేఖను వెనక్కి రప్పించడం సాధ్యం కాదనే అనుకోవాలి. అందువల్ల ఈ క్రింది జాగ్రత్తలు అవసరం:

(అ) వ్యాసకర్త పేరు, చిరునామా, వ్యాసశీర్షిక, సూచనలు మాత్రమే ఉండే ప్రత్యేక క్వెరీ నుంచి పంపాలి.
(ఆ) జతచేసే వర్డ్ ఫైలు వివరాలలోనూ, వ్యాఖ్యలలోనూ సమీక్షకుని పేరు నిలిచివుంటుంది, దానిని తొలగించాలి.
(ఇ) తొలి లేఖలను పంపేవారు తమ చిరునామాకే పంపుకొని చదవాలి.
(ఈ) ప్రతి లేఖ వెళ్లగానే 'పంపిన తేది' నమోదు కావాలి. 120వ లేఖ తరువాత కరెంటు పోయినా, తిరిగి 121 నుంచే మొదలుపెట్టవచ్చు.
(ఉ) ఒక్కొక్కరికి విడిగా లేఖ పంపాలి. అందరి చిరునామాలూ అందరికీ కనిపించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం దృష్ట్యా కూడా ఇది పాటించదగినది.

6. ముగింపు:
భద్రతాహెచ్చరిక విసుగు కలిగించినా, లేఖ వెళ్లేముందు మనిషి ఆగి చూసే చివరి క్షణం అదే. సర్వర్ ధ్రువీకరణ పంపేది ఎవరో తేల్చగలదు. పంపేది ఏమిటో చూడలేదు. హెచ్చరిక లేని విధానాన్ని ఎంచుకొన్నవారు ఆ పరిశీలనను ముందుకు జరిపి, క్వెరీ రూపొందించే దశలోనే పూర్తిచేయాలి. అప్పుడే స్వయంచాలనం శ్రమను తగ్గిస్తూ, పరిశోధకులు పత్రికపై ఉంచిన నమ్మకాన్ని కూడా నిలుపుతుంది.