బక్కచిక్కిన ఆవు కోలుకున్న 120 రోజులు: నేను చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం



ఈ వారం వీడియో మొదట్లో రెండు ఆవులు పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమవైపున్నదాని పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మూపురం ఓ పక్కకి వాలిపోయింది, తల దించుకుని నిలబడింది. కుడివైపు ఆవు గంగడోలు పరుచుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. రెండూ ఒకటే ఆవు. మధ్యలో 120 రోజులు గడిచాయి, అంతే.

ఈ ఫొటోలు గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి "ఏ దాణా పెట్టావన్నా?" అని ఒకటే ఫోన్లు. నిజం చెప్పాలంటే, పెట్టకూడనిది పెట్టి నాలుగో రోజే దాని ప్రాణం మీదికి తెచ్చాను. ఆ సంగతి వీడియోలో రెండు ముక్కల్లో దాటేశాను. ఇక్కడ పూర్తిగా రాస్తున్నా, మీరెవరూ ఆ పని చేయకుండా ఉంటారని.

ఆవు మా ఇంటికి ఎలా వచ్చిందంటే

మాది ప్రకాశం జిల్లా, నాలుగెకరాల మెట్ట. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలపాలంటే 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలని మీ అందరికీ తెలిసిందే. మా పాత ఆవు ముసలిదైపోయింది. పేడ కోసం వాళ్లనీ వీళ్లనీ అడగాల్సి వస్తోంది. అలాంటప్పుడు, మే నెలలో, పక్క మండలం నుంచి కబురొచ్చింది. ఒక పెద్దాయన బోరు ఎండిపోయి, గడ్డి కొనలేక ఒంగోలు ఆవుని అమ్ముతున్నాడని.

వెళ్లి చూశాను. నోరు తెరిచి చూస్తే కింద ఎనిమిది పళ్లూ వచ్చాయి, ఇంకా పెద్దగా అరగలేదు. అంటే ఐదారేళ్ల వయసు. ఎముకల గూడు బాగుంది, నడక బాగుంది, పొదుగులో గడ్డల్లేవు. ఒంట్లో కండ మాత్రం లేదు. "తీసుకుపో అబ్బాయ్. నీ దగ్గరైతే బతుకుద్ది. బేరగాడికిస్తే ఎక్కడికి పోద్దో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు పెద్దాయన. డబ్బులు లెక్క కూడా చూసుకోలేదు. పలుపు నా చేతిలో పెట్టి, "దాని పేరు గౌరి. పేరు మాత్రం మార్చొద్దు" అని లోపలికెళ్లిపోయాడు.

ఆయన దగ్గర మిగిలిన జొన్న చొప్ప రెండు మోపులుంటే అవి కూడా కొని బండిలో వేసుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మొదటి మంచి పని అదే. ఎందుకో తర్వాత తెలిసింది.

మొదటి మూడు రోజులు

కొత్త పశువుని తీసుకొచ్చి నేరుగా పాత వాటి పక్కన కట్టకూడదు. గాలికుంటు లాంటి జబ్బు ఒంట్లో ఉంటే బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకని పొలం దగ్గర చింతచెట్టు కింద 21 రోజులు విడిగా ఉంచాను. తొట్టి వేరు, బకెట్ వేరు. ముందు పాత ఆవు పని చూసుకుని, చివర్లో దీని దగ్గరికి వెళ్లేవాణ్ణి.

మొదటి రోజు నీళ్లు ముట్టలేదు. కొత్త చోటు, కొత్త నీళ్ల వాసన. మా అమ్మ కంగారుపడింది కానీ చుట్టూ జనం లేకుండా చూస్తే రాత్రికి తొట్టి సగం చేసింది. రెండో రోజు పాత ఊరి చొప్ప నమిలింది. మూడో రోజు మధ్యాహ్నం పడుకుని నెమరు వేసింది. అక్కడికి అంతా బాగానే ఉంది.

నాలుగో రోజు నా నిర్వాకం

ఆకలితో మాడిన జీవిని చూస్తూ ఊరుకోబుద్ధి కాదు కదా. నాలుగో రోజు సాయంత్రం నాలుగు కిలోల నూకలు జావ కాచి, తవుడు కలిపి తొట్టి నిండా పోశాను. క్షణంలో నాకేసింది. నా కడుపు నిండినట్టయింది.

తెల్లవారి వెళ్లేసరికి మేత ముట్టలేదు. నెమరు లేదు. ఎడమ డొక్క బిగుసుకుపోయింది. పళ్లు కొరుకుతోంది. పేడ నీళ్లలా పారుతోంది, పుల్లటి వాసన. లేపితే తూలుతోంది. పక్క పొలం బాబాయ్ వచ్చి, "నూనె పట్టిద్దాం, గొట్టం తీసుకురా" అన్నాడు. నీరసంగా ఉన్న పశువుకి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వద్దని, పశువుల డాక్టరు గారికి ఫోన్ చేశాను. మీ దగ్గర డాక్టరు దొరక్కపోతే 1962 నంబరుకి చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

డాక్టరు గారు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఆరోగ్యంగా ఉన్న ఆవుకి అక్కడ నిమిషానికి ఒకటి రెండు సార్లు కడుపు అలలా కదిలి చేతిని తోస్తుంది. గౌరికి ఏ కదలికా లేదు. వంట సోడా కొలత ప్రకారం నీళ్లలో కలిపి ట్యూబు వేసి కడుపులోకి పంపారు, సెలైన్లు ఎక్కించారు. "రాత్రి గడిస్తే బతికినట్టే" అన్నారు.

ఆ రాత్రి చింతచెట్టు కిందే పడుకున్నాను. పడుకున్నానన్న మాటే గానీ నిద్ర ఎక్కడ? తెల్లవారుజామున నోరు కదిలిన చప్పుడైంది. టార్చి వేసి చూస్తే నెమరు. ఆ చప్పుడు అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు.

డాక్టరు గారు చెప్పిన మాట

మర్నాడు ఆయన అడిగారు: "మీ పొలంలో ఒకేసారి రెండు బస్తాల యూరియా వేస్తావా?" వెయ్యనన్నాను. "మరి ఆవు కడుపులో ఎందుకు వేశావు?"

విడమరిచి చెప్పారు. గడ్డిని ఆవు నేరుగా అరిగించుకోలేదు. దాని పెద్ద పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. గడ్డి తినేది అవి, వాటి వల్ల బతికేది ఆవు. ఎండుగడ్డి మీద బతికిన ఆవులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులే ఎక్కువ. వాటి మీద ఒక్కసారిగా పిండి పదార్థం పోస్తే ఆమ్లం పుట్టించే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. పొట్టంతా పులిసిపోయి, మంచివి చచ్చిపోతాయి. కొత్త మేతకి ఆ కుటుంబం అలవాటుపడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది.

"పొట్ట బాగా పాడైపోయిన ఆవుకి ఆరోగ్యంగా ఉన్న ఆవు పొట్టలోని ద్రవం తెచ్చి ఎక్కించే పద్ధతి కూడా ఉంది" అన్నారు. వినగానే నాకు జీవామృతంలో వేసే గుప్పెడు గట్టు మట్టి గుర్తొచ్చింది. నేలకి తిండి పెట్టొద్దు, నేలలో ఉన్నవాటికి పెట్టు అని ఐదేళ్లుగా పదిమందికీ చెబుతున్నాను. ఆ మాట ఆవు కడుపుకీ వర్తిస్తుందని తట్టలేదు. పాత ఊరి చొప్ప మోపులు ఎందుకు మంచి పనో అప్పుడు అర్థమైంది. దాని పొట్టకి తెలిసిన మేత అదొక్కటే.

ఆ తర్వాత పెట్టిన మేత

పదో రోజు దాకా ఎండుమేతే. పాత చొప్ప, దాంట్లో కొంచెం కొంచెంగా మా వరిగడ్డి. పదకొండో రోజు నుంచి పచ్చిగడ్డి 2 కిలోలతో మొదలుపెట్టి, రోజుకి కిలో చొప్పున పెంచి 15 కిలోల దగ్గర ఆపాను. నేపియర్ గడ్డి, గట్టు మీది అవిశ ఆకు. లేత జొన్న పిలకలు మాత్రం పెట్టలేదు, నాము భయం ఉంటుంది.

ఇరవయ్యో రోజు నుంచి దాణా. తవుడు, వేరుశనగ చెక్క కలిపి రోజుకి 250 గ్రాములు, రెండు పూటలుగా. నాలుగు రోజులకోసారి ఇంకో 250 పెంచాను. 50వ రోజుకి 2 కిలోలయింది, అక్కడితో చాలు. అందులో ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఎప్పుడూ ముందు ఎండుగడ్డి, తర్వాతే దాణా. నీళ్లు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి, ఎండల్లో రోజుకి 50 లీటర్లు దాటి తాగింది.

పేడ పలచబడితే ఆ రోజు పెంచడం ఆపేవాణ్ణి. నాకు పేడే థర్మామీటరు. గుండ్రంగా కుప్పగా పడి, మధ్యలో కొంచెం గుంట ఉంటే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లలా ఉంటే తొందరపడ్డట్టు, ఉండలు కడితే నీళ్లో పచ్చిమేతో చాలనట్టు.

మందుల సంగతి, పేడ సంగతి

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా, మందే వద్దనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. పేడ పరీక్షలో కడుపు పురుగుల గుడ్లు కనిపించాయి. చూడి లేదని తేల్చుకున్నాకే డాక్టరు గారు బరువు ప్రకారం ఫెన్‌బెండజోల్ ఇచ్చారు. మిత్రులు గమనించండి, ఆల్బెండజోల్ లాంటివి చూడి మొదట్లో ప్రమాదం. అడక్కుండా షాపులో కొని పట్టించొద్దు.

చెవుల్లో, తోక కింద పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. చేత్తో ఏరి, వేపనూనె, కానుగనూనె కలిపి రాశాను. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అయితే తేలిక, కానీ ఆ మందు పేడలోకి వస్తుంది, పేడపురుగులని దెబ్బతీస్తుంది. అది తప్పనిసరైన పశువుకి వేయించాల్సిందే, కానీ ఆ రోజుల పేడ పొలానికి తోలకండి. నేను పురుగుల మందు ఇచ్చాక కూడా రెండు వారాల పేడ వేరే కుప్పలో వేశాను. జీవామృతంలో కలపలేదు.

వానలకి ముందు గొంతువాపు టీకా, గాలికుంటు టీకా వేయించాలి. కానీ బక్కచిక్కి, జబ్బుగా ఉన్న పశువుకి టీకా సరిగ్గా పట్టదు. కొంచెం తేరుకున్నాక, 30వ రోజు వేయించాం.

కళ్లతో కాదు, టేపుతో చూడండి

రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. అందుకే దర్జీ టేపు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొస నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. ఎప్పుడూ పొద్దున్నే, మేతకి ముందు కొలవాలి.

గౌరి పొడవు 54 అంగుళాలు. మొదటి రోజు చుట్టుకొలత 62, అంటే 315 కిలోలు. 30వ రోజు 63, అంటే 325. అది కూడా కండ అనుకోవద్దు, చాలావరకు కడుపు నిండటమే. 120వ రోజు 67, అంటే 367 కిలోలు. మొత్తం మీద 52 కిలోలు. ఆ మొదటి నెలలోనే చాలామంది నిరాశపడి దాణా ఎక్కువ చేస్తారు. మీరు ఆగండి.

ఒంట్లో మార్పు కూడా వరసగానే వచ్చింది. ముందు కళ్లలో కళ, తర్వాత వెంట్రుకల్లో నునుపు, ఆ తర్వాత వెన్నుపూస మీద కండ. మూపురం నిలబడటం చివర్లో. 95వ రోజు ఎదకు వచ్చింది. బక్కచిక్కిన ఆవు ఎదకు రాదు, దాని ఒళ్లు ముందు తన ప్రాణం చూసుకుంటుంది. తర్వాతి ఎదలో, 116వ రోజు, ఒంగోలు జాతి వీర్యంతోనే సూది వేయించాం. చూడి కట్టిందో లేదో ఇంకా తేలాలి.

పోయిన ఆదివారం పెద్దాయన మా పొలానికి వచ్చాడు. వీడియో చివర్లో వినపడే గొంతు ఆయనదే. గట్టు మీద నుంచే "గౌరీ" అన్నాడు. ఆవు నెమరు ఆపి, చెవులు అటు తిప్పింది. ఆయన దగ్గరికి వచ్చి, మూపురం మీద చెయ్యేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "వానలు పడ్డాయి అబ్బాయ్, దూడ పుడితే నాకు చెప్పు" అన్నాడు.

కొత్త ఆవుని తోలుకొచ్చే మిత్రులకి నేను చెప్పేది ఒక్కటే. ఆవుతో పాటు అది తినే మేత కూడా రెండు మోపులు తెచ్చుకోండి. మిగతాదంతా నిదానంగా చేయొచ్చు.