మీకు తెలుసా? కడుపులో బిడ్డ అమ్మ మాట వింటుంది!

ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్నాడని భాగవతం చెబుతుంది. కడుపులోని బిడ్డ నిజంగా ఏం వింటుందో, పుట్టాక ఏం గుర్తుపెట్టుకుంటుందో శాస్త్రవేత్తలు ప్రయోగాలతో తేల్చారు.

ఆరో నెల దాటేసరికి బిడ్డ శబ్దాలకు స్పందిస్తుంది. బయటి గొంతులు మందంగా చేరతాయి. అమ్మ గొంతు ఆమె ఒంటి గుండా కూడా వెళ్తుంది కాబట్టి బాగా వినిపిస్తుంది.

1980లో అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ పుట్టి మూడు రోజులైనా కాని పసికందులకు పాలపీక అందించారు. చప్పరించే తీరును బట్టి అమ్మ గొంతో, మరో స్త్రీ గొంతో వినిపించే ఏర్పాటు చేశారు. అమ్మ గొంతు వినడం కోసం పిల్లలు చప్పరించే తీరునే మార్చుకున్నారు!

ఏడుపులోనూ మాతృభాష ఛాయ ఉంటుంది. 2009లో 60 మంది నవజాత శిశువులను పరిశీలిస్తే, ఫ్రెంచ్ పిల్లల ఏడుపు ఎక్కువగా కింది నుంచి పైకి లేచింది. జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగింది. ఆయా భాషల ఉచ్చారణ తీరూ అదే.

రుచులూ అంతే. చివరి మూడు నెలల్లో తల్లులు క్యారెట్ రసం తాగితే, ఘనాహారం మొదలుపెట్టాక వాళ్ల పిల్లలు క్యారెట్ రుచికి మొహం చిట్లించడం తగ్గిందని 2001 నాటి అధ్యయనం చూపింది.

పొట్టకు హెడ్‌ఫోన్లు తగిలించనక్కర్లేదు. అమ్మ రోజూ కబుర్లు చెప్పినా, పాట పాడినా చాలు. నాన్న కూడా అమ్మ పొట్టమీద చెయ్యివేసి పలకరిస్తే బిడ్డ కదలికలు ఆయనకూ తెలుస్తాయి. ఆ కదలికలు ఎప్పటికన్నా తగ్గినట్టు అనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.