దగ్గరికి రావాల్సింది కుందేలే

ఆశ్రయ కేంద్రం నుంచి కొత్త ఇంటికి వచ్చిన కుందేలు తొలిరోజుల్లో ఎక్కువగా ఓ మూల నక్కి కూర్చుంటుంది. చెవులు వీపుకి అంటుకుపోయి ఉంటాయి, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. ముద్దొచ్చి ఎవరైనా చెయ్యి చాపితే వెనక్కి జరుగుతుంది. వెనకకాలితో నేలను దబ్బున తన్నడమూ ఉంది. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి దాన్ని ఆడిస్తున్నది భయం, ఆ భయం వయసు వేల తరాలు.

ఇళ్లలో పెరిగే కుందేళ్లన్నిటికీ మూలం ఐబీరియా ద్వీపకల్పపు అడవి కుందేలు. మన చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరే జాతి. బొరియల్లో బతికే ఐబీరియా కుందేలుకి నక్కలూ గద్దలూ నిత్య శత్రువులు. అందుకే దాని కళ్లు తలకి చెరోపక్కనా ఉండి దాదాపు చుట్టూ చూడగలవు. సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం దానికి కనబడదు. మూతి దగ్గరికి చెయ్యి పెడితే ఉలిక్కిపడేది అందుకే. పైనుంచి పట్టి ఎత్తడం మరీ ప్రమాదం. గద్ద వచ్చేదీ పైనుంచే. పైగా కుందేలు ఎముకలు తేలిక, వెనకకాళ్ల కండరాలు బలమైనవి. చేతుల్లో గింజుకుంటే వెన్నెముకే విరగవచ్చు.

మనిషి చెంత పెరగడం ఈ భయాన్ని కొంత తగ్గించింది. అడవి కుందేళ్ల మెదళ్లనూ పెంపుడు కుందేళ్ల మెదళ్లనూ ఎంఆర్‌ఐతో పోల్చిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. భయాన్ని పుట్టించే అమిగ్డలా పెంపుడు వాటిలో చిన్నదిగా, దాన్ని అదుపు చేసే ముందుభాగంలోని ఒక ప్రాంతం పెద్దదిగా కనిపించాయి. బాల్యం ప్రభావమూ ఉంటుంది. తల్లి కుందేలు రోజుకి ఒక్కసారి, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పుట్టిన మొదటి వారంలో, ఆ పాలవేళకు దగ్గరగా మనిషి చేతి స్పర్శ తెలిసిన పిల్లలు పెద్దయ్యాక మనుషులకు తక్కువగా బెదురుతాయని హంగేరీ పరిశోధకులు గమనించారు. ఎవరో వదిలేసిన కుందేలుకి ఆ స్పర్శ దక్కిందో లేదో చెప్పలేం.

ఆ లోటు పెద్దయ్యాక కూడా తీర్చవచ్చు. రెండు ద్వారాలున్న అట్టపెట్టె దానికి దాగే చోటు. జారే గచ్చు మీద చాప పరిస్తే కాళ్లకి పట్టు దొరుకుతుంది. ఇక మనిషి రోజూ అదే వేళకి నేల మీద కూర్చుని, పుస్తకమో పనో చూసుకుంటూ ఉండాలి. కుందేలు వచ్చి వాసన చూస్తుంది, పారిపోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు పట్టుకోకూడదు. కొన్నాళ్లకు చేతిలోని కొత్తిమీర రెమ్మ అందుకుంటుంది. అప్పుడు నుదుటి మీద మెల్లగా నిమరవచ్చు.

చనువు పెరిగిందనడానికి గుర్తులున్నాయి. నిమురుతుంటే పళ్లు సన్నగా కదుపుతుంది. పక్కకి ఒరిగి కాళ్లు చాపుతుంది. గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పుతుంది.

వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండటాన్ని మాత్రం ఈ జాబితాలో చేర్చకూడదు. అది శత్రువుకి చిక్కిన జంతువు భయంతో కొయ్యబారిపోవడం.

రోజూ దాని పక్కన కూర్చోవడంలో మరో మేలుంది. వేటకు గురయ్యే జంతువు జబ్బును బయటపడనివ్వదు. అలవాటు మారిందని ముందుగా పసిగట్టేది దగ్గరున్న మనిషే. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. తిండి మానేస్తే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పూటంతా గడ్డి ముట్టకపోయినా, పళ్లు గట్టిగా కొరుకుతున్నా తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి.