పోజు - ఒక ఆంగ్లపదం, పెక్కు అర్థాలు

పరభాషాపదం మన భాషలోకి వచ్చేటప్పుడు తన అర్థసంపదనంతటినీ వెంట తెచ్చుకోదు. ఆంగ్లంలోని 'పోజ్' అందుకు చక్కని ఉదాహరణ. తెలుగువారి నోట అది 'పోజు' అయింది. కొందరు 'ఫోజు' అనీ అంటారు. ఛాయాచిత్రం కోసం కదలక నిలిచినవాడు పోజిచ్చాడు. లేని గొప్పను ప్రదర్శించినవాడు పోజు కొట్టాడు. నామపదం ఒక్కటే అయినా 'ఇచ్చు' చేరితే సామాన్యవిషయం, 'కొట్టు' చేరితే ఎత్తిపొడుపు. ఈ భేదాన్ని కల్పించినవి మన క్రియలే.

ఈ పదానికి మూలం లాటిన్‌లోని 'పౌసారే'. ఆగుట, విశ్రమించుట అని దాని అర్థం. ఆంగ్లంలోని 'పాజ్' కూడా ఈ వంశానిదే. అయితే లాటిన్‌లోనే ఉంచుట, పెట్టుట అనే అర్థాలు గల 'పోనెరే' అనే మరొక క్రియ ఉంది. ఫ్రెంచి భాషలో ఈ రెండింటి అర్థాలూ కలగలిసిపోయాయి. అందువల్ల 'పోజ్'లో నిలుచుట, ముందుంచుట అనే రెండు భావాలూ ఒదిగి ఉన్నాయి.

మొదటి భావానికి ఛాయాగ్రహణ చరిత్రే సాక్ష్యం. ఫ్రాన్సు దేశీయుడైన డాగెర్ తన పద్ధతిని 1839లో లోకానికి వెల్లడించాడు. తొలినాళ్లలో ఒక్క చిత్రానికి నిమిషాల కాలం పట్టేది. 1838లో ఆయన తీసిన పారిస్ వీథి చిత్రంలో కదిలిపోతున్న బండ్లూ మనుషులూ కనిపించరు. బూట్లకు మెరుగు పెట్టించుకుంటూ ఒకచోట నిలిచిన వ్యక్తి ఆకారం మాత్రం నిలిచిపోయింది.

ఈ అర్థానికి మనం 'భంగిమ' అంటాము. భంగమంటే విరుపు, వంపు. శిల్పంలోని త్రిభంగిలో దేహం మూడుచోట్ల వంగుతుంది. ఆంగ్లపదం నిలకడను చూసింది. మన పదం వంపును చూసింది. నర్తకి విషయంలో భంగిమ అన్నమాట ఎంతో సొగసుగా ఉంటుంది. హాల్ టికెట్టు ఫొటోకు కూర్చున్న విద్యార్థిది భంగిమ అనడం మాత్రం అతిశయోక్తి!

'ప్రశ్నను పోజ్ చేయడం' అన్నప్పుడు ముందుంచుట అనే రెండో భావం కనిపిస్తుంది. భారతంలో యక్షుడు ధర్మరాజుకు చేసిన పని ఇదే. ప్రశ్న వేశాడనీ, సంధించాడనీ అంటాము. ఆనకట్ట పగుళ్లు గ్రామాలకు 'ముప్పును పోజ్ చేస్తున్నాయి' అని ఆంగ్లం పగుళ్లను కర్తగా నిలుపుతుంది. పగుళ్ల వల్ల గ్రామాలకు ముప్పు ఉన్నదనడం తెలుగు పద్ధతి.

అనువాదకుడు మిక్కిలి జాగ్రత్తపడవలసినది 'పోజ్ యాజ్' అనే ప్రయోగం దగ్గర. తాను కానిదానిని అయినట్లు నమ్మించడం దీని అర్థం. ఒకడు పోలీసు అధికారిగా 'పోజ్' చేసి సొమ్ము కాజేశాడన్న వార్తను 'అధికారిగా వ్యవహరించి సొమ్ము కాజేశాడు' అని అనువదిస్తే, వాడు నిజంగానే అధికారి అని పాఠకుడు భ్రమపడతాడు. మోసగాడి నేరం నిజమైన అధికారుల మెడకు చుట్టుకుంటుంది. 'అధికారినని నమ్మబలికి' అనాలి. ప్రభుత్వోద్యోగినని చెప్పుకొని ఆ హోదాలో ప్రవర్తించడం నేరం. భారత శిక్షాస్మృతిలో 170వ సెక్షన్ దీనిని గూర్చి చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 204వ సెక్షన్. వీడియో కాల్‌లో పోలీసులమని బెదిరించి, 'డిజిటల్ అరెస్టు' పేరుతో సొమ్ము గుంజేవారు చేసేది ఇదే.

నమ్మించడమంతా ద్రోహం కాదు. తిక్కన విరాటపర్వంలో భీముడు వలలుడనే వంటవానిగా, అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో చేరారు. వారు కోరినది పరుల సొమ్ము కాదు, అజ్ఞాతవాసం సాగడం. నేరస్థుల కోసం పోలీసులు కొనుగోలుదారుల వలె వెళ్లినప్పుడూ ఆంగ్లపత్రికలు 'పోజ్' అనే రాస్తాయి. అక్కడ మన 'మారువేషం' సరిపోతుంది.

ఇక 'పోజర్' అనే పదం ఉంది. డాబు ప్రదర్శించేవాడు అనేది ఒక అర్థం. చిక్కుప్రశ్న అనేది మరొకటి. ఈ రెండోదాని పుట్టుక వేరు. గుచ్చిగుచ్చి ప్రశ్నించుట అనే అర్థం గల పాత ఆంగ్ల క్రియ కురచబడి 'పోజ్' అయింది. దాని నుంచి వచ్చిన పదమిది. పరీక్షలో రెండో ప్రశ్న 'పోజర్' అని ఒక విద్యార్థి అన్నాడంటే, ఆ ప్రశ్న డాబు చూపిందని కాదు, అతనిని తికమక పెట్టిందని.